రెండో తాళంచెవి

“అద్దెకు దిగినవాళ్ళు ఇంట్లోనే ప్రాణం పోగొట్టుకుంటే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది?” అని అడిగింది గండాలమ్మ.

అప్పటికి ఇల్లు కొనలేదు. కొందామని కూడా ఎవరూ అనుకోలేదు. కూతురు పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, “అమ్మా, చిన్న ఇల్లొకటి కొని అద్దెకిస్తే ఎలా ఉంటుంది?” అని నోరు జారి పట్టుమని నిమిషం కాలేదు. రెండో చెప్పు ఇంకా కాలికే ఉంది.

“ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పిల్లాడికి జ్వరం అంటావేంటమ్మా!” అంది కూతురు.

“జ్వరం రాదని రాసిస్తావా?”

గండాలమ్మ అంటే కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వీధివాళ్ళు చాటున పెట్టింది. చాటున పెట్టినా ఆమె చెవిన పడింది. కోపం మాత్రం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే నరాలు చిట్లుతాయని ఎక్కడో విన్నది. వర్షం వస్తే పిడుగు, రాకపోతే కరువు. పిల్ల నవ్వితే పొలమారుతుందని, ఏడిస్తే ఊపిరి తిరగదని. ముప్పై ఏళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ, ప్రతి జేబుకూ రెండేసి కుట్లు వేస్తుంది. ఒక కుట్టు ఊడితే పిల్లాడి చిల్లర పడిపోయి, ఇంటికి నడిచొస్తూ తప్పిపోతాడని. ఆ భయం వల్లే ఆమె జేబులు గట్టివని పేరొచ్చింది. జీవితంలో భయం ఆమెకు తెచ్చిపెట్టిన మంచిపేరు అదొక్కటే.

కూతురు ఊరికే నోరు జారలేదు. ఆమె కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేసే పని చేస్తుంది. కిందటి వారం తల్లిని ఆ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి గోడమీద అక్షరాలు చదివించింది. కింది మూడు వరుసలూ గండాలమ్మ ఊహించి చెప్పింది. ఊహించినవాటిలో ఒక్కటీ కుదరలేదు. అప్పుడు కూతురు నవ్వలేదు. “నాలుగేళ్ళమ్మా. తర్వాత సూదిలోకి దారం ఎక్కదు. అప్పుడేం చేస్తావు?” అని మాత్రం అంది. అన్నిటికీ ముందే భయపడిపోయే గండాలమ్మ, దీనికి మాత్రం భయపడటం మరిచిపోయింది. తన కళ్ళు తనను మోసం చేస్తాయని ఆమె లెక్కలోనే లేదు.

“అద్దె వస్తూ ఉంటే ఏ పూటకీ నీ చెయ్యి ఒకరిముందు చాచక్కర్లేదు,” అంది కూతురు. “నాది సగం, నీది సగం.”

తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తక్కువ మాట్లాడే మనిషి. “కొనండి,” అన్నాడు. తర్వాత భార్యవైపు తిరిగి, “కానీ నీ భయాలన్నీ వెంట తీసుకెళ్ళకు. లిఫ్టులో ఎక్కిస్తే బరువెక్కువై తలుపు కూడా మూసుకోదు,” అన్నాడు.

ఆమె అన్నీ తీసుకునే వెళ్ళింది. వాటితోపాటు ఒక టార్చి, ఒక గోళీ, ఒక బకెట్టు. నేల వాలుగా ఉందేమోనని గోళీ దొర్లించేది. స్నానాలగదిలో బకెట్టుడు నీళ్ళు కుమ్మరించి, అవి పోయేదాకా గొంతుక్కూర్చుని చూసేది. ఒకచోట గోళీ పోయి ఇంటాయన కాళ్ళకింద పడి, ఆయన జారి, తృటిలో బతికాడు. “చూశారా, ఈ నేల ప్రమాదం,” అని ఆయనకే చెప్పి వచ్చేసింది.

చివరికి దొరికింది రెండంతస్తులమీద, వెనకవైపు, రెండు గదులూ ఒక వంటిల్లూ. అమ్మే ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. బేరం ఆడటం గండాలమ్మకు రాదు. భయపడటమే వచ్చు. ముందుగదిలో నిలబడి, “ఈ పగులు ఎప్పటినుంచి?” అంది. రెండో గదిలో, “ఈ గోడ చెమ్మ మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళలేదా?” అంది. వంటింట్లో, “ఎందుకు అమ్ముతున్నారు? నిజం చెప్పండి, ఇక్కడ ఎవరైనా పోయారా?” అని గొంతు తగ్గించి అడిగింది. అందులో నటన ఏమీ లేదు, ఒక కాలు అప్పటికే గుమ్మం అవతల పెట్టుకుంది. మాస్టారికి ఆమెను చూస్తుంటే తన ఇల్లంటే తనకే భయం పుట్టింది.

“తల్లీ, మీరు స్నానాలగది చూడకుండా ఉంటానంటే పదోవంతు తగ్గిస్తాను,” అన్నాడాయన.

కూతురు వెంటనే తల్లి చెయ్యి పట్టుకుని బయటికి లాగేసింది. ఆ రోజునుంచి ఇంటి బేరాలన్నిటికీ అమ్మను పంపితే చాలు అని అందరితో చెప్పి మురిసింది. పాపం, ఆ మురిపెం నెలరోజులు కూడా నిలవలేదు.

సంగతి ఏమిటంటే, బ్యాంకు అప్పుమీద కొన్నారు. అద్దె వస్తే అందులోంచి వాయిదా పోతుంది. రాకపోతే ఇద్దరూ కలిసి రెండు నెలలు ఈదగలరు. మూడో నెల ఇల్లు అమ్ముకోవాల్సిందే. ఇది గండాలమ్మకు తెలుసు. తెలిసీ, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు తలుపు తీస్తూనే, “మెట్లు చూసుకోండి, నాలుగోది పొట్టి. చీకట్లో పడితే తుంటి ఎముకే,” అనేది. వసారాలోకి తీసుకెళ్ళి, “ఈ కమ్మీ నడుముదాకానే. పొడుగువాళ్ళు తుమ్మితే అవతలికి పోతారు,” అనేది. రేపు ఏదైనా జరిగితే ముందే చెప్పలేదని తనను నిలదీస్తారని ఆమె భయం. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నవ్వుతూ వచ్చింది. పావుగంట తర్వాత ఆ పిల్ల మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని, గోడవారగా, మెట్టు మెట్టు లెక్కపెట్టుకుంటూ దిగిపోయింది. అలా ఏడుగురు వచ్చి ఏడుగురూ పోయారు. మొదటి నెల కాస్తా కరిగిపోయింది.

“అమ్మా, నువ్వు చూపిస్తున్నది ఇల్లా, ఆస్పత్రికి దారా?” అంది కూతురు.

“దాస్తే మోసం కదే!”

“దాచమనలేదు. అడిగేదాకా ఆగమన్నాను.”

ఎనిమిదోసారి వచ్చింది ఒక ఒంటరి అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి. సన్నగా, చేతిలో చిన్న పుస్తకంతో, అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడు కాని మనిషి. చూపులేని పిల్లల బడులకు పాఠాలు చదివి రికార్డు చేసి పంపిస్తుందిట. “ఇంట్లో చప్పుడేమైనా ఉంటుందా ఆంటీ?” అని అడిగింది.

అడిగింది కదా, ఇక ఆగలేదు గండాలమ్మ. పొద్దున ఆరింటికి పైవాళ్ళ గొట్టం గురకపెడుతుందని, పడమటి కిటికీ గాలికి దడదడలాడుతుందని, పక్కింటాయన ఆదివారం పూట సుత్తి పట్టుకుంటాడని, ఎవరూ అడగని నాలుగో మెట్టుతో సహా అన్నీ చెప్పేసింది. ఆ అమ్మాయి అన్నీ పుస్తకంలో రాసుకుంది. రాయడం అయ్యాక తలెత్తి, “ఇప్పటికి పద్ధెనిమిది ఇళ్ళు చూశాను. చప్పుడు ఉందని చెప్పిన ఓనరు మీరొక్కరే. రేపే దిగుతాను,” అంది.

గండాలమ్మకు గాల్లో తేలినట్టయింది. తేలితే పడతామని వెంటనే గోడ పట్టుకుంది.

కాగితాలు కూతురే రాసింది. అందులో ఒక ముక్క: తలుపు తాళంచెవి రెండోది ఓనరు దగ్గర ఉంటుంది, ప్రమాదం జరిగిందని తోస్తే తప్ప వాడకూడదు. అందరి అద్దె కాగితాల్లోనూ ఉండే మాటే. కానీ ‘ప్రమాదం తోస్తే’ అన్న మాటను తీసుకెళ్ళి గండాలమ్మ చేతిలో పెట్టడమంటే పిల్లికి పాలగిన్నె కాపలా అప్పజెప్పడమే. కూతురికి ఆ సంగతి తట్టలేదు. తట్టినా అమ్మను అవమానించినట్టవుతుందని ఊరుకుని ఉంటుంది.

దిగిన రోజే ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది: “ఆంటీ, పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఐదుదాకా చదువుతూ ఉంటాను. ఫోను ఎత్తను. ఏమనుకోకండి.”

“అయ్యో, ఎందుకనుకుంటానమ్మా,” అంది గండాలమ్మ. ఆ మాట ఆ చెవినుంచి ఈ చెవికి వెళ్ళి, వీధిలోకి దిగి, ఎటో వెళ్ళిపోయింది.

రెండు నెలలు అద్దె ఒకటో తారీఖు కాకముందే పడింది. అది కూడా భయమే ఆమెకు. “ఇంత బుద్ధిమంతురాలికి ఏదో అయ్యే ఉంటుంది,” అనేది. రోజుకోసారి ఫోన్ చేసి గ్యాసు కట్టేశావా, బట్టలారేసేప్పుడు కమ్మీమీదికి వంగుతున్నావా అని అడిగేది. ఆ అమ్మాయి సాయంత్రం తిరిగి ఫోన్ చేసి, “కట్టేశానాంటీ. వంగలేదాంటీ,” అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది.

మూడో నెల ఒక బుధవారం. షాపువాడు బొత్తాలు ఒక పేపరు ముక్కలో చుట్టి ఇచ్చాడు. పొట్లం విప్పి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. ఎక్కడో స్నానాలగదిలో గ్యాసు గీజరు వల్ల ఒంటరిగా ఉన్న మనిషి స్పృహ తప్పిందని వార్త. అంతే, కుట్టుమిషను చక్రం ఆగిపోయింది. ఆ పేపరు మూడేళ్ళనాటిదని గానీ, తమ ఇంట్లో ఉన్నది కరెంటు గీజరని గానీ ఆమెకు తోచలేదు. ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పదకొండుసార్లు చేసింది.

భర్తకు చేసింది.

“నేను లిఫ్టు గోతిలో ఉన్నాను,” అన్నాడాయన కిందనుంచి, గొంతు గుయ్యిమంటూ. “ఏమైంది?”

“ఆ పిల్ల ఫోను ఎత్తట్లేదండీ!”

“ఫోను ఎత్తని వాళ్ళంతా పోయినట్టు కాదే. నేనూ ఎత్తకుండా ఉంటే హాయిగా ఉండేది.”

గండాలమ్మ తాళంచెవి తీసుకుంది. దారిలో పరుగులాంటి నడక, నడకలాంటి పరుగు. మొదటి మలుపులో ఆ అమ్మాయి స్పృహ తప్పి ఉంది. రెండో మలుపుకి నాడి అందట్లేదు. ఇంటి సందులోకి తిరిగేసరికి ఆమె తల్లిదండ్రులకు కబురు ఎలా చెప్పాలో మాటలు వెతుక్కుంటోంది. కంగారులో నాలుగో మెట్టు తన కాలికే తట్టుకుంది. తుంటి విరగలేదు, బొటనవేలు చితికింది. బెల్లు నొక్కింది. లోపల మోగిన జాడ లేదు. (చప్పుడు పడకుండా ఆ అమ్మాయి బెల్లు వైరు తీసేసింది.) తలుపు ఒక్కసారి తట్టింది. ఒక్కసారే. తర్వాత తాళం తిప్పింది.

ముందుగది చీకటిగా ఉంది, కిటికీకి పరుపు అడ్డం పెట్టి ఉంది. రెండో గది తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఆమె గుండె జారి చితికిన బొటనవేలిదాకా వచ్చింది. తలుపు తోసింది. ఫాను ఆగి ఉంది. మంచానికీ బీరువాకీ మధ్య తాడు కట్టి, దానిమీదనుంచి నాలుగు దుప్పట్లు దించి ఉన్నాయి. వాటికింద మనిషి ఆకారం ఒకటి కూర్చుని ఉంది. కదల్లేదు. మెదల్లేదు.

“అయ్యయ్యో, పోయిందమ్మా! నా ఇంట్లోనే పోయిందమ్మా!” అని కేకపెట్టి గండాలమ్మ దుప్పట్లు లాగేసింది.

లోపల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు ముందు, పాఠం అయిపోయాక వదలాల్సిన పది క్షణాల నిశ్శబ్దం వేళ్ళమీద లెక్కపెట్టుకుంటోంది ఆ అమ్మాయి. ఏడోవేలు మడిచి ఉంది. నెత్తిన దుప్పటి ఎగిరిపోయి, ఎదురుగా ఎవరో జుట్టు విరబోసుకుని నోరు తెరుచుకుని నిలబడితే, ఆమె కూడా కేక పెట్టింది. ఆమె కేక విని గండాలమ్మ మళ్ళీ పెట్టింది. వానపాము పాఠం చివర ఈ మూడు కేకలూ శుభ్రంగా రికార్డయ్యాయి.

కాసేపటికి ఆ అమ్మాయి మైకు ఆపింది.

“నీకేమైనా అయిందేమోనని తల్లీ...” అంది గండాలమ్మ.

“నాకేమీ కాలేదండీ. మీరు వచ్చేదాకా.”

ఆంటీ పోయి అండీ వచ్చింది. అది గండాలమ్మ గమనించింది. కేకకంటే అదే ఎక్కువ వినిపించింది.

“నెలాఖరుకి ఖాళీ చేస్తాను,” అంది ఆ అమ్మాయి. గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే బతిమాలడానికి సందు దొరికేది.

సాయంత్రం కూతురు ఇంటికొచ్చింది. ఆ అమ్మాయి అప్పటికే ఆమెకు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. కూతురు చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు.

“ఈదడానికి ఒక్క నెలే మిగిలింది. ఆ ఒక్క నెలలో ఇంకో ఎనిమిదిమందిని నువ్వు భయపెట్టేస్తావు. ఇక అమ్ముకోవడమే. నాలుగేళ్ళ తర్వాత నువ్వు...” అని ఆగిపోయింది.

“గ్యాసు గీజరు అనుకున్నానే.”

“మనది కరెంటుది! నువ్వే దగ్గరుండి బిగింపించావు!”

“ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది కదే, ఎవరున్నారు దానికి...”

“అమ్మా, ఇల్లు మనది. లోపల మనిషి మనది కాదు. నా గదిలోకి నువ్విలా వచ్చినప్పుడు నేనేమీ అనలేదు, ఎందుకంటే నేను నీ కూతుర్ని. ఆ అమ్మాయి అద్దె కడుతోంది.”

ఆ మాటకు గండాలమ్మకు ఏడుపు రావాలి. రాలేదు. నిజం కనుక సిగ్గు వచ్చింది. కూతురు ఏడో తరగతిలో స్నానానికి వెళ్ళి పది నిమిషాలైతే తాను తలుపు గడియ ఊడబీకించిన సంగతి గుర్తొచ్చింది. గడియ ఊడబీకింది కూడా ఆ తండ్రే. అప్పుడూ ఆయన ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేసింది. ఆ మర్నాడు ఫోను తీసుకెళ్ళి భర్త పనిముట్ల సంచిలో పడేసింది. ఆయనకు లిఫ్టు బాగుచేస్తుండగా స్క్రూడ్రైవర్ బదులు భార్య ఫోను చేతికొచ్చింది. మూడోరోజు రెండు చొక్కాలకు చేతులు తారుమారుగా కుట్టి మళ్ళీ విప్పింది. నాలుగోరోజు ఆదివారం, సాయంత్రం ఐదు దాటి పది నిమిషాలయ్యాక, ఆ ఇంటి తలుపు ముందు నిలబడింది. ఐదుదాకా చదువుతానని చెప్పిన మాట ఇన్నాళ్ళకు వీధులన్నీ తిరిగి ఆమె దగ్గరికి చేరింది. భర్త కింది మెట్లమీద కూర్చున్నాడు. తోడు రమ్మని ఆమె అడిగింది, పైకి రావద్దని కూడా ఆమే అంది.

తలుపు తట్టింది. లోపల అడుగుల చప్పుడు వచ్చి, తలుపు అవతల ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

“నేనేనమ్మా,” అంది గండాలమ్మ. “తెరవక్కర్లేదు. తెరిస్తే లోపలికి వచ్చేస్తానని నాకే భయంగా ఉంది.”

గండాలమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

“తప్పు చేశాను. నీకు ప్రమాదమని వచ్చాను. ఈ ఇంట్లో ఇన్నాళ్ళకు ఒకే ఒక్క ప్రమాదం జరిగింది, అది నేనే. తాళంచెవి తలుపుకింద తోస్తున్నాను, చూసుకో. దీనికి ఇంకో జత లేదు. ఇంట్లో ఇంకోటి దాచానని అనుకుంటావేమో, దాచేదాన్నే. కానీ దాచింది ఎక్కడ పెట్టానో మరిచిపోతానన్న భయంతో చేయించలేదు.” వంగి తాళంచెవి తోసింది. నడుము పట్టేసింది, అయినా ‘అమ్మా’ అనలేదు. అంటే ఆ అమ్మాయి కంగారుపడి తలుపు తీస్తుందని, అది కూడా మోసమేనని అనిపించింది. నిటారుగా లేచేదాకా పళ్ళు బిగబట్టింది.

“నా కళ్ళు తగ్గుతున్నాయి. ఈ అద్దె రేపు నా కూడు. అది నీకు చెప్పకూడదనే వచ్చాను, చెప్పేశాను. జాలిపడి ఉండొద్దు. ఉంటే నీకు ఇల్లు నచ్చి ఉండు. వెళ్ళేట్టయితే మంచి ఇల్లు చూసుకో, కమ్మీ ఎత్తుగా ఉన్నది... అదుగో, మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకేమీ లేదు. నేను చెప్పాల్సింది అయిపోయింది.”

నిలబడింది. లోపల ఊపిరి చప్పుడు కూడా లేదు. పైవాళ్ళ గొట్టంలో నీళ్ళు జర్రున దిగి ఆగిపోయాయి. పక్కింటాయన రెండు మేకులు కొట్టి, మూడోది ఎక్కడో పడేసుకున్నట్టున్నాడు, ఊరుకున్నాడు. ఒక నిమిషం అయింది. ఆ పిల్ల తలుపు వెనకే కళ్ళు తిరిగి పడిపోయిందేమో అన్న ఆలోచన తోక ఊపుకుంటూ వచ్చింది. గండాలమ్మ దాన్ని కసిరింది. పోలేదు. పోకపోయినా తలుపు తట్టలేదు. రెండు చేతులూ చీర కొంగులో చుట్టి గట్టిగా పట్టుకుంది. మూడు నిమిషాలు, నాలుగు. కింద భర్త గొంతు సవరించుకున్నాడు. ఆమె కిందికి చూసి వేలు పెదవిమీద పెట్టింది. జీవితంలో ఆమె ఎవరినైనా ఊరుకోమనడం, తాను ఊరుకోవడం ఒకేసారి జరగడం అదే మొదలు.

అప్పుడు తలుపు కింద రాసుకుంటూ తాళంచెవి లోపలికి కదిలిపోయిన చప్పుడైంది. ఆ తర్వాత, పాఠం చదివినంత నెమ్మదిగా, తలుపు అవతలనుంచి ఆ అమ్మాయి అంది:

“వంటింటి కిటికీ రెక్క సరిగా మూసుకోవట్లేదు. వానలకి ఇంకా మూడు నెలలుంది, తొందరేం లేదు. ఈలోపల వడ్రంగిని పంపించండి. ముందు ఫోన్ చెయ్యండి. నేను ఎత్తితేనే పంపించండి.”